ఏ ప్రశ్నకు ఏ శకునం?

ఇంట్లో వస్తువు పోతే ప్రశ్న చెప్పేవాళ్ళ దగ్గరికి, సంబంధం వస్తే జాతకాలు చూసేవాళ్ళ దగ్గరికి వెళ్ళడం మనకు అలవాటే కదా! చైనావాళ్ళదీ ఇదే తీరు. ప్రశ్నను బట్టి పద్ధతి.

అవునో కాదో తేలితే చాలనుకుంటే చెక్కబిళ్ళలు వేస్తారు. నెలవంక ఆకారంలో రెండుంటాయి. ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. తైవాన్ గుళ్ళలో వీటిని దేవుడి ముందు నేలమీద వేస్తారు. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే సరేనన్నట్టు. రెండూ ఉబ్బువైపు పైకొస్తే కాదన్నట్టు. రెండూ చదునుగా పడితే దేవుడు నవ్వుతున్నాడట! అప్పుడు ప్రశ్న మార్చి మళ్ళీ అడగాలి.

కాస్త వివరం కావాలంటే పుల్లలు. హాంకాంగ్‌లోని వాంగ్ తాయ్ సిన్ గుడికి వెళితే వెదురు గొట్టంలో 100 పుల్లలు ఇస్తారు. ఒకటి జారిపడేదాకా ఊపాలి. దానిమీది అంకెకు ఒక పద్యం ఉంటుంది, అర్థం చెప్పేవాళ్ళు అక్కడే దొరుకుతారు. పూర్వం కొన్ని గుళ్ళలో మందులకూ ఇలాగే పుల్ల తీసేవారు. ఆ ఒక్కదానికీ మనం డాక్టరుగారినే నమ్ముకుందాం!

ఎటూ తేల్చుకోలేని చిక్కులకు ఈ చింగ్ గ్రంథం. 3 నాణాలు ఆరుసార్లు వేస్తే 64 గుర్తుల్లో ఒకటి వస్తుంది. నచ్చిన జవాబు వచ్చేదాకా అడుగుతూ కూర్చుంటే మాత్రం పలకదు.

మంచిరోజుకు మన పంచాంగం లాంటి తుంగ్ షింగ్ ఉంది. పెళ్ళికే కాదు, మంచం వేయడానికి, పొయ్యి కట్టడానికీ అందులో రోజులుంటాయి.

ఇక పెళ్ళి పొంతనకు ఎనిమిది అక్షరాలు. పుట్టిన ఏడు, నెల, రోజు, గంట, ఒక్కోదానికి రెండేసి అక్షరాలు. అన్నిట్లోకీ నాకు నచ్చనిది ఇదే. పుల్ల బాగాలేకపోతే ఇంకోనాడు ఇంకో పుల్ల తీయొచ్చు. పుట్టిన గంట మారుతుందా? పాతకాలంలో అమ్మాయి అక్షరాలు ఎర్రకాగితంమీద రాయించి, మగపెళ్ళివారి ఇంట్లో పెద్దల పీఠం దగ్గర మూడు రోజులు ఉంచేవారు. ఆలోగా ఇంట్లో గొడవైనా, గిన్నె పగిలినా సంబంధం వద్దనేవారు. పింగాణీ గిన్నెల్లో తినే ఇంట్లో మూడు రోజులు ఒక్కటీ పగలకూడదంటే మాటలా చెప్పండి! ఎవరి చెయ్యి జారినా పేరు మాత్రం ఆ ఇల్లే చూడని పిల్లకి.

పెద్దలు బలవంతంగా చేసే పెళ్ళిళ్ళను చైనా 1950లో చట్టం తెచ్చి రద్దు చేసింది. ఎనిమిది అక్షరాలు చూపించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.