ఎలుక చెప్పేది సగమే!

చంపాపేట్ సందుల్లో పొద్దున్నే ఆకుకూరల బండి ఆగితే మునగాకు, పొన్నగంటి, తోటకూర కట్టలు ఇట్టే అమ్ముడైపోతాయి. తింటే ఒంట్లో రక్తం పడుతుందని అమ్మమ్మల మాట. అవే ఆకులు ఇప్పుడు పొడులుగా, లేహ్యాలుగా సీసాల్లోకెక్కాయి. ‘ఎలుకల మీద పరీక్షించారు’ అన్న మాట కూడా తోడైతే ఇక నమ్మకానికి తిరుగేముంది!

ఇంతకీ ఆ పరీక్ష ఎలా చేస్తారు? చాలా ప్రయోగశాలల్లో ఎలుకకు ఫినైల్‌హైడ్రజిన్ అనే రసాయనం ఇస్తారు. ఎర్ర రక్తకణాలు చిట్లి హిమోగ్లోబిన్ పడిపోతుంది. తర్వాత కొన్నిటికి మూలిక కషాయం, కొన్నిటికి ఉత్త నీళ్లు పట్టి పోల్చి చూస్తారు. మెలిక ఇక్కడే ఉంది. మన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది కణాలు చిట్లడం వల్ల వచ్చేది కాదు, ఇనుము చాలక వచ్చే రక్తహీనత. పైగా ఎలుక తనకు కావలసిన సి విటమిన్‌ను తనే తయారుచేసుకుంటుంది. టీ, ధాన్యాల్లోని ఫైటేట్లు మనలో ఇనుమును అడ్డుకున్నంతగా దానిలో అడ్డుకోవు.

ఈ పాఠం పాతదే. 1928లో బొంబాయి వచ్చిన డాక్టర్ లూసీ విల్స్ గర్భిణుల్లో రక్తహీనతకు కారణం వెతికారు. 1929లో కొన్నాళ్లు కూనూరులోనూ పనిచేశారు. అక్కడి పోషకాహార పరిశోధన కేంద్రమే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. ఎలుకలకు పేల వల్ల వేరే జబ్బు సోకడంతో ఆమె ప్రయోగాలు గందరగోళమయ్యాయి. కోతుల్లో ఈస్ట్ సారం పనిచేసింది. గర్భిణులకు ఇచ్చి, వాళ్లు కోలుకున్నాకే 1931లో ఆ సంగతి లోకానికి చెప్పారు. అందులోని పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది.

అలాగని మూలికలను కొట్టిపారేయనక్కర్లేదు. ఎలుక దారి చూపుతుంది, తీర్పు చెప్పాల్సింది మాత్రం మనుషుల మీద జరిగే పరీక్షే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అందుకే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. మహిళల్లో 12 గ్రాములు, గర్భిణుల్లో 11 గ్రాముల కన్నా తగ్గితే డాక్టర్‌ను కలవండి. పొడి మొదలుపెట్టామని ఐరన్ మాత్ర మానేయొద్దు, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్లు. మునగాకు పప్పు శుభ్రంగా తినండి. పైన నిమ్మరసం పిండుకోండి. టీ మాత్రం ఓ గంట ఆగాకే!