పడుకున్నవారికి కనిపించే గోడ

ఈసారి షుగరు గురించి గాని, డెంగీ గురించి గాని వ్రాయడం లేదు. ఆసుపత్రి గోడల గురించి వ్రాస్తున్నాము. వార్డులకు రంగులు వేయించాక గోడలకు పెద్ద పెద్ద డిజిటల్ ఫోటోలు పెట్టాలన్న ఆలోచన ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో ఉంది. మన దగ్గరా ఆ మాట వచ్చింది. "గోడకు బొమ్మ పెడితే జ్వరం తగ్గుతుందా సిస్టరు గారూ?" అని సంఘంలో ఒక పెద్దాయన అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

జ్వరం తగ్గదు. కానీ మంచం మీద ఉన్న మనిషికి కంటి ఎదుట ఏముందన్నది చిన్న విషయం కాదని నర్సులకు ఎప్పటినుంచో తెలుసు. ఫ్లోరెన్స్ నైటింగేల్ అమ్మగారు 1859 నాటి తన పుస్తకంలోనే రోగికి రంగులు, పువ్వులు, చూపుకు మార్పు అవసరమని వ్రాశారు. 1984లో రోజర్ ఉల్రిక్ అనే అమెరికా పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు ఆయన చూశారు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవారు సగటున కొంచెం ముందుగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. 46 మంది అంటే చిన్న లెక్కే. దాని మీద మేడలు కట్టకూడదు. తరువాత ఆయనే మరికొందరితో కలిసి స్వీడన్‌లోని ఉప్సాలాలో గుండె ఆపరేషన్ అయినవారి ఎదుట ఫోటోలు పెట్టి చూశారు. నీళ్ళు, చెట్లు ఉన్న దృశ్యం ఆందోళనను తగ్గించింది. గీతలు, డబ్బాలతో ఉన్న అర్థం కాని బొమ్మ పెట్టినచోట మాత్రం, ఏ బొమ్మా లేనివారికంటే ఆందోళన ఎక్కువైంది. కాబట్టి ఏదో ఒకటి తగిలిస్తే చాలునన్న మాట మేము ఒప్పుకోము.

ఇప్పుడు ఎక్కడ చూసినా తగిలించేవి ఏమిటి? మంచుకొండలు, జలపాతం, నీలికళ్ళ పాప. నెట్‌లోంచి దించి ఫ్లెక్సీ మీద వేసినవి. అవి చెడ్డవని కాదు. వాటి ముందు ఎవరూ ఆగరు, అంతే. గుడివాడ పక్క పల్లెనుంచి వచ్చిన రైతు ఎదుట ఊడ్పుల ఫోటో పెట్టి చూడండి. అది ఏ కాలువ కిందిదో, నారు ముదిరిందో లేదో చెబుతాడు. పక్క మంచం ఆయన కాదంటాడు. ఇద్దరూ ఆ పూట నొప్పి సంగతి కాసేపు మరచిపోతారు. అలా మాటలు కలిపే బొమ్మ మాకు కావాలి. పులిగడ్డ అక్విడెక్టు, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు, నాగాయలంక వైపు మడ అడవులు, కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు, పెడనలో ఆరవేసిన కలంకారీ గుడ్డలు. ఇవన్నీ మన ఊళ్ళ చుట్టూ ఉన్నవే. (బందరు లడ్డు ఫోటో కూడా పెట్టమని మా స్టాఫులో ఒకరు అన్నారు. షుగరు వార్డులో వద్దని చెప్పాము.)

కంప్యూటర్‌లో దిద్దే పని గురించి కూడా ఒక మాట. నీటిని సిరాలాగా నీలం చేసి, ఆకాశంలో లేని మేఘాలు అతికిస్తున్నారు. కాలువ నీళ్ళు వానాకాలంలో ఏ రంగులో ఉంటాయో మనవారికి తెలుసు. ఆ మట్టి రంగును అలాగే ఉంచమని మా మనవి.

సముద్రం విషయం ఎక్కువ జాగ్రత్తగా ఆలోచించాలి. బందరు అనగానే మంగినపూడి అలల ఫోటో పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది కొట్టుకుపోయారు. ఆనాడు తాటిచెట్టు పట్టుకొని బ్రతికినవారు, పిల్లలను పోగొట్టుకున్నవారు ఇప్పుడు పెద్ద వయసులో మన వార్డులకు వస్తున్నారు. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్నీ తాకింది. అలాంటి ఒక పెద్దమ్మ క్యాలెండరు మీద పెద్ద అల బొమ్మ చూసి, "అమ్మాయ్, అది తిప్పి పెట్టు" అన్నది. కారణం చెప్పలేదు, మేము అడగలేదు. లేచిన అల ఏ మంచం ఎదుటా వద్దు. నది పెట్టండి, కాలువ పెట్టండి, కట్టేసిన పడవ పెట్టండి. సముద్రం పెట్టి తీరాలంటే ఓ.పి. వరండాలో పెట్టండి. అక్కడ ఇష్టం లేనివారు ముందుకు నడిచి పోగలరు. సెలైన్ ఎక్కుతున్న మనిషి ఎక్కడికి పోతుంది?

అలాగే రోగుల ముఖాలు. బాగుపడిన పాప ఫోటో, ఆపరేషన్‌కు ముందు తరువాత ఫోటోలు గోడకు పెడితే విరాళాలు వస్తాయని కొందరి ఆలోచన. మేము దీనికి పూర్తిగా వ్యతిరేకము. డాక్టరు గారు అడిగితే కాదనే ధైర్యం మంచం మీద ఉన్నవారికి ఉండదు. సంతకం పెడతారు. రేపు ఆ పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఎవరో గోడమీది ఫోటోను ఫోనులో తీసి పంపుతారు. టి.బి. నయమైపోతుంది, ఆ ఫోటో మాత్రం చెరగదు.

ఎక్కడ తగిలించాలన్నది కూడా చెప్పాలి. సాధారణంగా మంచం తలవైపు, నిలబడినవారి కంటి ఎత్తున పెడతారు. అది చూసేది చూడవచ్చిన చుట్టాలు. రోగికి కనిపించేది ఫ్యాను, సెలైన్ స్టాండు, కాళ్ళవైపు గోడ. బొమ్మ ఆ కాళ్ళవైపు గోడకు ఉండాలి, పిల్లల వార్డులో ఇంకా కిందకు. శుక్లాలు ఉన్న పెద్దవారికి చిన్న వివరాలు కనబడవు. మెరిసే అద్దం వేస్తే ట్యూబులైటు తప్ప బొమ్మ కనిపించదు. అందుకని పెద్దదిగా, మెరుపు లేని లామినేషన్‌తో, క్లోరిన్ నీళ్ళతో తుడవడానికి వీలుగా చేయించాలి. బందరు ఉప్పుగాలికి ఇనుప మేకు తుప్పు పడుతుంది, ఫ్రేము వెనుక బల్లులు చేరుతాయి. కాబట్టి గోడకు సందు లేకుండా అతికించాలి. అసలు కలంకారీ గుడ్డనే పెట్టవచ్చు కదా అంటారు. దుమ్ము పడుతుంది, రోజూ తుడవలేము. ఆఫీసు గదికి, ప్రార్థన గదికి అది బాగుంటుంది. వార్డులో దాని ఫోటోయే మేలు.

హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఏకంగా ఆర్ట్ గ్యాలరీ ఉంది. చెరువులు, ఆకులు చిత్రించిన సూర్యప్రకాశ్ గారు అక్కడ చాలా కాలం పనిచేశారు. మనం అంత చేయలేము. అయితే బందరులో, గుడివాడలో ఫోనులు వచ్చాక పని తగ్గిన స్టూడియోవారు ఉన్నారు. వారిని పిలిచి, ఇదిగో ఈ ఊరు, ఈ కాలం అని చెప్పి, తగిన కూలి ఇచ్చి తీయించవచ్చు. ఉచితంగా చేయమని అడగవద్దు.

డబ్బు పేదల వైద్యం నిధిలోనుంచి మాత్రం ఒక్క రూపాయి తీయకూడదు. అటువంటప్పుడు ఈ బొమ్మలు లేకపోయినా సరే. కుటుంబాలు తమవారి జ్ఞాపకార్థం ఇస్తామంటే సంతోషమే. కానీ ఫోటో కింద పేరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ వ్రాయించమంటే ఎలా? ఆపరేషన్‌కు వెళ్ళబోయే మనిషి ఉదయం లేవగానే చదివేది అదే అవుతుంది. ఆ పేర్లు ఆఫీసు రిజిస్టరులో అందంగా వ్రాద్దాము. గోడమీద ఊరి పేరు చాలు, తెలుగులో, పెద్ద అక్షరాలతో.

ముందుగా ఆడవారి సర్జికల్ వార్డులో నాలుగు బొమ్మలు పెట్టి చూడాలని కమిటీకి వ్రాసి ఇచ్చాము. ఏవి ఉండాలో ఆ వార్డులో పడుకొని వెళ్ళినవారే చెప్పాలి. డ్రెస్సింగ్‌కు వచ్చినప్పుడు డ్యూటీ సిస్టరుకు చెప్పండి. వద్దనుకున్నవి కూడా చెప్పండి.