నాచారం షెడ్లు చెదిరితే మళ్లీ కూడవు

1938లో చెకొస్లొవేకియా సైన్యం ప్రాగ్‌లోని సీకేడీ కంపెనీకి 150 తేలికపాటి ట్యాంకులు ఆర్డరిచ్చింది. వాటిలో ఒక్కటి కూడా ఆ సైన్యం చేతికి అందలేదు. 1939 మార్చి 15న హిట్లర్ సేనలు ప్రాగ్‌లోకి వచ్చేశాయి. ట్యాంకులు తయారయ్యాయి, కాకపోతే జర్మన్ల కోసం. మరుసటి ఏడాది జర్మన్ సేనాని రోమెల్ డివిజన్ ఫ్రాన్స్‌లోకి దూసుకెళ్లింది వాటితోనే. తమను కాపాడుకోవడానికి గీసిన బండి, తమను ఆక్రమించినవాడి వాహనమైంది.

చెకొస్లొవేకియా అప్పటికి కోటిన్నర జనాభా ఉన్న దేశం. అయినా పిల్సెన్‌లో స్కోడా ఫిరంగులు, బర్నోలో తేలికపాటి మెషిన్ గన్లు, కొప్రివ్నిత్సెలో టాట్రా కార్లు, లారీలు తయారయ్యేవి. మన సైన్యం దశాబ్దాలపాటు మోసిన బ్రెన్ గన్‌కు మూలం ఆ బర్నో డిజైనే. ఆక్రమణ కాలంలో ఈ ఫ్యాక్టరీలన్నీ జర్మనీకి చాకిరీ చేశాయి. 1944 నుంచి హెట్జర్ అనే ట్యాంకు విధ్వంసక వాహనాలే సుమారు 2,800 అక్కడి నుంచి వెళ్లాయి. దాంతో యుద్ధం చివర్లో మిత్రరాజ్యాల బాంబులూ ఈ ఫ్యాక్టరీల మీదే పడ్డాయి. 1945 మార్చి 25న సీకేడీ, సరిగ్గా నెలకు పిల్సెన్ స్కోడా. పిల్సెన్ కార్మికులను ముందే బయటికి వెళ్లిపొమ్మని బీబీసీ రేడియోలో హెచ్చరించి మరీ కొట్టారు.

ఇంత జరిగాక 1946లో స్విట్జర్లాండ్ సైన్యం వచ్చి అదే హెట్జర్‌ను కొద్ది మార్పులతో తమకు చేసివ్వమంది. 158 వాహనాలు చేసిచ్చారు. అదే ఏడాది జావా కంపెనీ పారిస్ ప్రదర్శనలో 250 సీసీ మోటారు సైకిల్‌ను నిలబెట్టింది. ఆక్రమణ రోజుల్లో జర్మన్ల కళ్లుగప్పి డిజైన్ చేసుకున్న బండి అది. దాని వారసత్వమే 1961 నుంచి మైసూరులో జావాగా, తర్వాత యెజ్డీగా తయారై మన వీధుల్లోకి వచ్చింది. కిక్ కొట్టే రాడ్డునే ముందుకు మడిచి గేర్ లీవర్‌గా వాడుకునే ఆ ఏర్పాటు, పాత హైదరాబాద్ మెకానిక్కులకు ఇప్పటికీ కాలికి గుర్తే.

కప్పులు కూలిన ఫ్యాక్టరీలు ఏడాదిలో ఎలా లేచాయి? డ్రాయింగులు గీసేవాళ్లు, అచ్చులు పోసేవాళ్లు, టూల్ రూము మేస్త్రీలు, విడిభాగాలు అందించే చిన్న వర్క్‌షాపులు చాలావరకు అదే ఊళ్లో, అవే పేటల్లో మిగిలారు కాబట్టి. యంత్రం పోతే మరొకటి కొనుక్కోవచ్చు. ఒకరి పని ఒకరికి తెలిసిన మనుషులు చెదిరిపోతే కొనితెచ్చుకోవడానికి ఏ సంతా లేదు. తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు ఆలోచించాల్సింది సరిగ్గా ఈ విషయమే.

హైదరాబాద్‌కు చెక్ ఇంజినీరింగ్ కొత్త కాదు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ చెకొస్లొవేకియా సాయంతో కట్టిందే. అక్కడ తయారైన 110 మెగావాట్ల టర్బైన్లు స్కోడా డిజైన్లు. టాట్రా లారీ సంగతి ఇంకా దగ్గరిది. మామూలు లారీకి రెండు పక్కలా నిచ్చెనలాంటి ఫ్రేము ఉంటుంది. టాట్రాకు నడుమ ఒక లావుపాటి గొట్టం, దాని లోపల తిరిగే షాఫ్టు, ఆ గొట్టం నుంచి అటూ ఇటూ విడివిడిగా ఊగే సగం యాక్సిళ్లు. టాట్రా ఇంజినీరు హన్స్ లెడ్వింకా 1923లోనే కారుకు పెట్టిన పద్ధతి ఇది. ఒక చక్రం గుంతలో దిగినా పైన ఉన్న సరుకు మెలితిరగదు. పృథ్వి క్షిపణినీ, పినాక రాకెట్లనూ మన సైన్యం ఆ వెన్నుగొట్టం మీదే ఎక్కించింది. ఆ లారీల కోసం 1986లో ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్ ఒప్పందం చేసుకుంది. పాతికేళ్లు గడిచి 2012లో కొనుగోళ్ల మీద దుమారం రేగేనాటికి కూడా స్టీరింగ్ ఎడమవైపే ఉంది. రోడ్డుకు ఎడమపక్క నడిచే దేశంలో స్టీరింగ్‌ను కుడివైపుకు మార్చుకోలేదంటే, ఆ బండిని మనం బిగించామే తప్ప సొంతం చేసుకోలేదని అర్థం.

సొంతం చేసుకునే సత్తా ఉన్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. నగరానికి తూర్పున ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో ఉన్నారు. నాచారంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఎలక్ట్రానిక్ యుద్ధతంత్రానికి పేరుపడ్డది. 2023 మార్చిలో హిమశక్తి ప్రాజెక్టు కింద సుమారు రూ.3,000 కోట్ల కాంట్రాక్టు దానికే వచ్చింది. ఉప వెండర్లుగా ఉన్న చిన్న పరిశ్రమలకూ పని దొరుకుతుందని, సుమారు మూడు లక్షల పనిదినాలు పుడతాయని రక్షణ శాఖే ప్రకటించింది. మల్లాపూర్‌లో క్షిపణులకు ఎలక్ట్రానిక్స్ చేసే అపోలో మైక్రో సిస్టమ్స్ ఉంది. ఇలాంటి పెద్ద పేర్ల వెనక బోర్డు కూడా సరిగా కనిపించని షెడ్లుంటాయి. 1943లో సికింద్రాబాద్‌లో మొదలై, తర్వాత కేంద్రానికి 56 శాతం, రాష్ట్రానికి 32 శాతం వాటాతో నడిచిన ప్రాగా టూల్స్ లాంటి సంస్థలు ఈ నగరానికి మైక్రాన్లలో ఆలోచించడం నేర్పాయి. ఆ చదువు ఇప్పుడు ఈ షెడ్లలోనే బతుకుతోంది.

వేలెడంత స్టీలు షాఫ్టునే చూడండి. ఒక షెడ్డులో లేత్ మీద టర్నింగ్ అవుతుంది, పక్క వీధిలో మిల్లింగ్, అక్కణ్నుంచి హీట్ ట్రీట్‌మెంట్. కొలిమిలోంచి బయటికొచ్చేసరికి వెంట్రుకవాసి వంగుతుంది. గ్రైండింగ్‌లో ఆ వంపు పోవాలంటే టర్నర్ ముందే కాస్త మెటీరియల్ వదిలిపెట్టాలి. ఎంత వదలాలో డ్రాయింగులో ఉండదు. ఆ కొలిమి సంగతి అతనికి తెలుసు, అందుకే సరిగ్గా అంతే వదులుతాడు. ప్లేటింగ్ మందం 10 మైక్రాన్లయితే వ్యాసం 20 మైక్రాన్లు పెరుగుతుందని గ్రైండర్ ముందే లెక్కేసుకుంటాడు. ఇన్‌స్పెక్షన్‌లో జాబ్ రిజెక్టయితే సాయంత్రానికల్లా స్కూటర్ మీద వెనక్కి వస్తుంది. తప్పెక్కడ జరిగిందో అందరూ నిలబడి అక్కడే తేల్చుకుంటారు.

ఈ గొలుసునే ఇప్పుడు తెంపబోతున్నారు. 2020లో గ్రిడ్ విధానం పేరుతో ఇక్కడి పారిశ్రామిక స్థలాలను ఐటీ పార్కులుగా మార్చుకోనిచ్చారు. 2025 నవంబరులో వచ్చిన హిల్ట్ విధానం ఇంకా ముందుకెళ్లి, నాచారం, ఉప్పల్, మల్లాపూర్‌తో సహా 9,292 ఎకరాలను రుసుము కట్టి నివాసాలకు, వ్యాపారాలకు మార్చుకునే దారి తెరిచింది. ఇళ్ల మధ్య రసాయనాల కంపు భరిస్తున్న నాచారం జనం బాధ నిజమే. కాలుష్యం చిమ్మే యూనిట్లు ఔటర్ రింగు రోడ్డు అవతలికి పోవాల్సిందే, ఆ మాటలో రాజీ అక్కర్లేదు. కానీ రంగుల రసాయనం కాచే ఫ్యాక్టరీనీ, నాలుగు సీఎన్‌సీ యంత్రాలున్న షెడ్డునూ ఒకే గాటన కట్టడం అన్యాయం. పైగా ఆ షెడ్డు నడిపేవాడు చాలాసార్లు అద్దెదారుడే. స్థలం మార్చుకున్న యజమానికి కోట్లు వస్తాయి. అద్దెకున్నవాడికి ఖాళీ చేయమన్న నోటీసు వస్తుంది. అతను ఒకవైపు, కొలిమివాడు ఇంకోవైపు, ప్లేటింగ్‌వాడు మరోవైపు వెళ్లిపోయాక, పెద్ద కంపెనీ ఆ షాఫ్టును మరో రాష్ట్రంలో చేయించుకుంటుంది. రక్షణ రంగంలో హైదరాబాద్‌కున్న పేరు అలా మెల్లగా కరిగిపోతుంది.

ప్రభుత్వం చేయగలిగింది చాలా ఉంది. ఈ వాడల్లో ఒక్క స్థలానికైనా మార్పిడి అనుమతి ఇచ్చేముందు ఏ షెడ్డు ఏ పని చేస్తోంది, ఎవరి మీద ఆధారపడి నడుస్తోంది అన్న సర్వే పూర్తి కావాలి, అందులో అద్దెదారుల పేర్లుండాలి. వచ్చే రుసుములో కొంత తీసి నాచారంలోనే అంతస్తుల షెడ్లు కట్టాలి. మెషినింగ్, గ్రైండింగ్, కొలతల ల్యాబు అక్కడ పక్కపక్కన ఉండాలి. కొలిమి, ప్లేటింగ్ వ్యర్థాల శుద్ధితో కలిసి ఒక మూలకు చేరాలి. రక్షణ సంస్థలు కూడా జాబ్ వర్కుకు రేటు కట్టి ఊరుకోకుండా, విడిభాగం డ్రాయింగును మెరుగుపరిచిన చిన్న షెడ్డుకు ఆ డిజైన్ మీద హక్కు, దానికి తగిన డబ్బు ఇవ్వాలి. హిల్ట్ దరఖాస్తులు ఆమోదించే అధికారి బల్ల మీద భూమి విలువ పట్టికతో పాటు ఆ షెడ్ల సర్వే కూడా ఉండేదాకా ఉప్పల్, నాచారం ఫైళ్లు ముందుకు కదలకూడదు.