థెరపిస్టులు మనకు దుబాసీలుగా మాత్రమే కావాలా?

కొందరికి నచ్చకపోయినా ఒక మాట సూటిగా చెప్పదలిచాం.

ఉగాది సభలో ఏటా డాక్టర్లకు, ఇంజనీర్లకు శాలువాలు కప్పుతున్నాం. మన పిల్లల్లో ఫిజియోలు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, స్పీచ్ థెరపిస్టులు ఎంతమందో సంఘం దగ్గర లెక్కే లేదు. మెడికల్ క్యాంపు పెడితే మాత్రం మన పెద్దవాళ్ల తెలుగును డాక్టరుకు తమిళంలో చెప్పడానికి వాళ్లు కావాలి. వాళ్ల పరిశోధనా శిక్షణకు విద్యానిధి నుంచి సాయం అడిగితే, "కసరత్తు చేయించేవాళ్లకు రీసెర్చ్ ఎందుకండీ?" అన్నారు.

ఎందుకో చెబుతాం. అటెండ్ అనే అధ్యయనం మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో, 1250 మంది పక్షవాత రోగులతో జరిగింది. మామూలు వైద్యానికి తోడు ఇంట్లోవాళ్లకు కసరత్తులు నేర్పి చేయిస్తే రోగి బాగా కోలుకుంటాడని ఆశ. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతం. తేడా లేదు.

ఇలాంటి పనిలో చెయ్యి పెట్టిన థెరపిస్టుకు ఒక ప్రశ్న అలవాటవుతుంది: ఈ రోగి లేచి నడిచింది నా చికిత్స వల్లా, కాలం గడిచినందువల్లా? అందరినీ ఒకే కొలతతో కొలవడం, రోగికి అర్థమయ్యేలా చెప్పి సమ్మతి తీసుకోవడం, తన నమ్మకాన్నే పరీక్షకు పెట్టడం వస్తాయి. మర్నాడు వార్డులో ప్రతి రోగికీ అవే పనికొస్తాయి. వృత్తిలో ఎదగడమంటే ఇదే.

ఇంకో సంగతి. మన ఇళ్లలో మాట తెలుగు, బడి తమిళం. పక్షవాతంతో మాట పోయిన మన తాతను తమిళంలో మాత్రమే పరీక్షిస్తే, ఆయనకు మిగిలిన తెలుగు ఎవరి లెక్కలోకి వస్తుంది? కర్ణాటకలో కన్నడం, ఒడిశాలో ఒడియా, మహారాష్ట్రలో మరాఠీ, చిక్కు ఒకటే. ఆ ప్రశ్న అడగాల్సింది రెండు భాషలూ తెలిసిన మన థెరపిస్టే. దుబాసీగా నిలబెడితే అడగలేదు, పరిశోధకురాలిగా కూర్చోబెడితే అడుగుతుంది.

అయితే డ్యూటీ అయ్యాక ఫారాలు నింపించుకుని, పేపర్లో పేరు కూడా వేయకపోవడాన్ని ఎదుగుదల అనం. అది వెట్టి. పనిగంటల్లో సమయం, శిక్షణ, పేపర్లో పేరు దక్కాలి.

వేలూరు సీఎంసీ, మైసూరు ఆయిష్, ఒడిశాలో ఓలట్‌పూర్ సంస్థ, ముంబై హాజీ అలీ సంస్థ మనం తరతరాలుగా ఉంటున్న రాష్ట్రాల్లోనే ఉన్నాయి. దూరం సాకు చెప్పకండి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, మన థెరపిస్టుల పేర్లు నమోదు చేయడం. రెండు, విద్యానిధిలో వాళ్ల పరిశోధనా శిక్షణకు వాటా ఇవ్వడం. వద్దనేవారు కారణం సభలో లేచి చెప్పండి.