బి రిపోర్టు దగ్గరే ఆగితే డెల్టా దొరకదు

ఢిల్లీలో జనక్‌పురి వంటి కాలనీలో రక్తపరీక్ష చేయించుకోవడం పెద్ద పనేమీ కాదు. ఆపరేషన్‌కు ముందో, గర్భిణికి తొలి నెలల్లోనో చేసే పరీక్షల్లో ‘హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్’ అని వస్తే హెపటైటిస్-బి ఉన్నట్టు. అవసరమైతే మందు మొదలుపెడతారు, లేదంటే ఆరు నెలలకోసారి రమ్మంటారు. దాని చాటున డెల్టా వైరస్ (హెపటైటిస్-డి) కూడా ఉందా అన్న ప్రశ్న తరచూ రానే రాదు.

డెల్టాది అరువు బతుకు. 1977లో ఇటలీలోని ట్యూరిన్‌లో మారియో రిజెట్టో బృందం దీన్ని గుర్తించినప్పుడు బి వైరస్‌లోనే మరో ప్రోటీన్ అనుకున్నారు. వేరే వైరస్ అని తర్వాత తేలింది. దీని జన్యుపదార్థం సుమారు 1,700 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, అంతే. సొంత పైపొర లేదు. బి తయారుచేసే ఉపరితల ప్రోటీన్‌నే తొడుక్కుని కాలేయ కణంలోకి చొరబడుతుంది. లోపల తన నకళ్లు తీయడానికి మన కణంలోని ఎంజైమునే వాడుకుంటుంది.

రెండు వైరస్‌లూ ఒకేసారి సోకితే పెద్దల్లో చాలామంది కోలుకుంటారు. కొందరిలో మాత్రం కాలేయం ఉన్నట్టుండి విఫలమవుతుంది. అసలు చిక్కు, అప్పటికే బి ఉన్నవారికి డెల్టా తోడవడం. వారిలో అత్యధికులకు అది దీర్ఘకాలికంగా ఉండిపోతుంది. సోకిన కణాలపై రోగనిరోధక వ్యవస్థ ఏళ్ల తరబడి దాడి చేస్తుంది. దెబ్బతిన్నచోట మచ్చలు పేరుకుని సిరోసిస్‌గా మారుతుంది. బి ఒక్కటే ఉన్నవారితో పోలిస్తే దాదాపు పదేళ్లు ముందే.

ఇక్కడే రిపోర్టు మోసం చేస్తుంది. డెల్టా చాలాసార్లు బి వైరస్‌ను అణచిపెడుతుంది. బి డీఎన్ఏ తక్కువగా కనిపిస్తుంది, రోగి ఊపిరి పీల్చుకుంటాడు. ఏఎల్‌టీ మాత్రం దిగదు. టెనోఫోవిర్ బి ఎంజైమును అడ్డుకుంటుందే తప్ప డెల్టాను తాకదు. ఉపరితల ప్రోటీన్ ఉత్పత్తీ ఆగదు కాబట్టి డెల్టాకు తొడుగుకు లోటుండదు. కణంలోకి ప్రవేశాన్నే అడ్డుకునే బులెవర్టైడ్‌కు ఐరోపాలో 2020లో షరతులతో అనుమతి వచ్చింది.

భారత్‌లో 2022 నాటికి 2.98 కోట్ల మందికి హెపటైటిస్-బి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో నూటికి ఒక్కరికే డెల్టా ఉందనుకున్నా దాదాపు మూడు లక్షల మంది! డెల్టాను క్యాన్సర్ కారకంగా వర్గీకరించినట్టు 2025 జూలైలో ఆ సంస్థే ప్రకటించింది.

బి టీకా డెల్టాకూ అడ్డుకట్టే: బి లేనిచోట అది నిలవలేదు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశీయంగా ఈ టీకా తెచ్చాకే ధర దిగొచ్చింది. అయితే ఇప్పటికే బి ఉన్నవారికి టీకా పనిచేయదు. వారు చేయించుకోవాల్సింది యాంటీ-హెచ్‌డీవీ పరీక్ష. అది పాజిటివ్ అయితే హెచ్‌డీవీ ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. బి తేలిన రక్త నమూనాతోనే ఈ పరీక్షలు చేసేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోగిని మళ్లీ పిలవాల్సిన పని కూడా లేదు.