మండీ కావాలి, మనిషి నక్కో!

టోలీచౌకీ నుంచి పారమౌంట్ కాలనీ వైపు నడవండి. గల్లీకో జిమ్ము తగులుతుంది. బోర్డు మీద కండలు తిరిగిన బొమ్మ, పక్కనే ‘లేడీస్‌కు సెపరేట్ టైమింగ్’. కొన్నిచోట్ల లోపలి గోడకు హదీసు ఫ్రేము కూడా ఉంటుంది, బలమైన మోమిన్ బలహీనుడి కంటే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టుడని. మాషాఅల్లాహ్. కానీ ఆ ఫ్రేము కింద కూర్చున్న సాబ్, గుమ్మంలో నల్లటి కుర్రాడు కనిపించగానే రాస్తున్న పెన్ను కింద పెట్టేస్తున్నాడు. నా గుస్సా అంతా ఆ పెన్ను మీదే.

మా పై పోర్షన్‌లో ఒక సూడానీ అబ్బాయి ఉంటాడు. ఉస్మానియాలో పీజీ. 2023 ఏప్రిల్‌లో వాళ్ల ముల్క్‌లో జంగ్ మొదలైనప్పటి నుంచి ఇంటి నుంచి పైసలు సరిగ్గా రావు, రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు. కాస్త కస్రత్ చెయ్యమని డాక్టర్ చెప్పాడట. జిమ్ము వెతకడానికి తోడు రమ్మంటే వెళ్లాను.

ఒకచోట ఆధార్ లేనిదే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదన్నారు. పాస్‌పోర్టు, వీసా, రెసిడెన్షియల్ పర్మిట్ అన్నీ బల్ల మీద పెట్టాడు పాపం. “రేపు రండి” అన్నారు. ఇంకోచోట మా మొహల్లా పిల్లలకు చెప్పే రేటుకు దాదాపు డబుల్ చెప్పారు, అదీ ఏడాదికి ఒకేసారి కట్టాలట. వచ్చే నెల కిరాయి ఎలా కట్టాలో తెలియని వాణ్ణి పన్నెండు నెలల ఫీజు ముందే అడిగితే, రావద్దని చెప్పినట్టే కదా. మూడో అతను మాత్రం సాఫ్ సాఫ్ మాట్లాడాడు. నన్ను పక్కకు పిలిచి, “భాయ్, ఇన్ లోగాం నక్కో. ఫ్యామిలీ వాలే ఆతే, బురా మాన్తే” అన్నాడు.

ఫ్యామిలీలు బురా అనుకుంటాయట. ఎవరా ఫ్యామిలీలు? ఈ ముక్క చదువుతున్న మీరూ, రాస్తున్న నేనూ!

ఈ మాట మనకు కొత్తదా చెప్పండి. ఇదే షెహర్‌లో కిరాయి ఇంటి కోసం తిరుగుతూ, పేరు చెప్పగానే “ఫ్యామిలీలు ఉంటున్నాయి, ఏమనుకోకండి” అన్న జవాబు వినని ముసల్మాన్ ఎవరైనా ఉన్నారా? నేను రెండు నెలలు విన్నాను. అప్పుడు దాన్ని బేఇన్సాఫీ అన్నాం, తఅస్సుబ్ అన్నాం, జల్సాల్లో తక్రీర్‌లు చేశాం. ఇప్పుడు అదే జుమ్లా మన నోట్లోంచి, అంతే తమీజ్‌గా బయటికి వస్తోంది.

పోలీసుల గొడవ అంటారు కొందరు. విదేశీయుల బస వివరాలు ఇవ్వాల్సింది వాళ్లకు బస ఇచ్చే హోటళ్లు, ఇళ్ల యజమానులు. ట్రెడ్‌మిల్ మీద అరగంట పరుగెత్తించేవాడిది కాదు ఆ పూచీ.

ఇంకో బహానా ఉంది: “వీళ్లు డ్రగ్స్ అమ్ముతారు.” అమ్మినవాణ్ణి అరెస్టు చేస్తారు, చెయ్యాలి కూడా. కానీ ఒకడి జుర్మ్‌కు కౌమ్ మొత్తాన్ని కటకటాల్లో చూడటం ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? 2007లో మక్కా మసీదులో బాంబు పేలాక మన కుర్రాళ్లనే పట్టుకుపోయారు. తర్వాత వాళ్లు బేగునాలని తేలింది. ఆ అమ్మల కన్నీళ్ల మీద మనం ఎన్ని పేజీలు రాశామో నాకు గుర్తుంది. నల్ల చర్మం కనిపిస్తే చాలు ‘నైజీరియన్’ అని హెడ్డింగు పెట్టే మా పత్రికల వాళ్ల సంగతి ఇంకోసారి చెబుతాను, అదో పెద్ద కిస్సా.

ఏసీ గార్డ్స్ అంటే ఏమిటని మీ పిల్లల్ని అడగండి. ఎయిర్ కండిషన్ అంటారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, బేటా! నిజాం గుర్రపు దళంలో నౌకరీ చేసిన హబ్షీల మొహల్లా అది. బార్కస్ అంటే బారక్స్, హజ్రమౌత్ నుంచి వచ్చిన అరబ్ సిపాయిలు ఉన్న చోటు. పరదేశీల బాహుబలం మీద నిలబడ్డ రియాసత్ మనది. వాళ్లు తెచ్చిన మర్ఫా మోగనిదే మన బారాత్ కదలదు. వాళ్ల మండీ తినడానికి అర్ధరాత్రి బార్కస్ దాకా బండ్లేసుకుని పోతాం. మండీ కావాలి, మనిషి నక్కో. దీన్ని హైదరాబాదీ మెహమాన్‌నవాజీ అందామా?

ఈద్ రోజు మస్జిదె నబవీలో హబ్షీలు డాళ్లు, బల్లేలతో ఆడుతుంటే హజ్రత్ ఉమర్ (ర) ఆపబోయారు. ఆడనివ్వమన్నారు హుజూర్ (స). తన భుజం వెనక నుంచి హజ్రత్ ఆయిషా (ర)కు ఆ ఆట చూపించారు కూడా. మస్జిద్‌లోనే వాళ్లకు జాగా దొరికింది. మన జిమ్ముకు అంతకంటే ఎక్కువ తహారత్ ఉందా?

ఆడపిల్లల తక్లీఫ్ ఇంకో రకం. మా గల్లీలో సోమాలీ అమ్మాయిలు ఇద్దరున్నారు. లేడీస్ టైమింగ్ పదకొండు నుంచి నాలుగు. కాలేజీ కూడా అదే టైమ్. ఖాళీ దొరికిన రోజు వెళితే లేడీ ట్రైనర్ రాలేదు, పైగా లోపలి కెమెరా బొమ్మ రిసెప్షన్‌లో మగవాళ్ల ముందు టీవీలో కనిపిస్తోంది. హిజాబ్ తీసి కస్రత్ చేసుకోవచ్చని ఫీజు కట్టించుకున్నాక ఇదేం పర్దా? ఇది పరదేశీ మస్లా ఒక్కటే కాదు. మీ బహూబేటీలు కూడా ఆ టీవీలోనే కనిపిస్తున్నారు, ఒకసారి వెళ్లి చూసుకోండి.

చివరికి మా సూడానీ అబ్బాయికి జాగా దొరికింది, పురానా షెహర్‌లో ఒక పాత తాలీమ్‌ఖానాలో. మట్టి అఖాడా, రెండు ముగ్దర్లు, తెల్లగడ్డం ఉస్తాద్. ఫారం లేదు, ఆధార్ అడగలేదు. “దండ్ బైఠక్ రోజూ తీస్తావా? జమాత్ టైమ్‌కు వదిలేస్తా” అన్నాడంతే. రానూ పోనూ రెండు గంటల బస్సు ప్రయాణం. వారానికి మూడు రోజులు వెళ్లొస్తున్నాడు, కాస్త నిద్ర పడుతోందట.

జిమ్ము సాబ్‌లు తెలివైన వ్యాపారులు, ఎవరు ఫీజు కడుతున్నారో వాళ్ల మాట వింటారు. ఈ నెల డబ్బులు కట్టేటప్పుడు కౌంటర్ దగ్గర రెండు నిమిషాలు ఆగండి. పాస్‌పోర్టు చూపిస్తే పేరు రాసుకుంటారా, రేటు అందరికీ ఒకటేనా, ఏడాది కాకుండా నెలనెలా తీసుకుంటారా అని అడగండి. “ఫ్యామిలీ వాలే బురా మాన్తే” అంటే, ఆ ఫ్యామిలీ మేమే, మాకేం బురా లేదని అక్కడే చెప్పండి.