దిడ్డివాకిలి కాపలా యెవరిది?

1922వ సంవత్సరము ఆగస్టు మాసమున శ్రీ అల్లూరి సీతారామరాజు మా నర్సీపట్నమున కెగువనున్న మన్యములో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా మూడు దినములలో పట్టుకొనెను. గోడలుండెను, తాళములుండెను, అయినను కొల్లబోయిన తుపాకులు కొల్లబోయెను. ఆ వీరుడు తాను గొనిపోయిన ఆయుధముల పట్టికను ఠాణా పుస్తకముననే వ్రాసి చేవ్రాలు చేసెను. నేటి కంప్యూటరు దొంగకు ఆ ధర్మము లేదు. వచ్చిన జాడనే తుడిచి పోవును.

మన కచేరీలకును, బ్యాంకులకును నేడు ఫైర్‌వాల్ కోటగోడ. దూరముననున్న ఉద్యోగి కమాండ్ లైనుపై నాలుగక్షరములు కొట్టి ఆ గోడను శాసించుచున్నాడు. ఇదియే కోటకు దిడ్డివాకిలి. టెల్నెట్ అను పాతమార్గమున సంకేతపదము పోస్టుకార్డుపై వ్రాసిన రహస్యమువలె బట్టబయలుగా పోవును. ఫిన్లెండు దేశీయుడు టాటూ యులోనెన్ తన విశ్వవిద్యాలయమున సంకేతపదములు దొంగిలింపబడుట చూచి, 1995లో ఎస్.ఎస్.హెచ్. అను అరకువేసిన లకోటావంటి మార్గమును కల్పించెను. ఇన్నియేండ్లకును టెల్నెట్‌ను విడువనివారిని ఏమందుము?

లకోటా యున్నది గదా, భయమేల యనువారికి మా ప్రత్యుత్తరమిది. 2015 డిసెంబరులో అమెరికాలోని జూనిపర్ సంస్థ తన నెట్‌స్క్రీన్ ఫైర్‌వాల్‌లలో అక్రమముగా చొప్పింపబడిన రాతను కనుగొన్నట్లు ప్రకటించెను. ఒకే గుప్తపదముతో ఎస్.ఎస్.హెచ్. ద్వారమున గూడ యజమానియై ప్రవేశింప వీలుండెను. కోట కట్టినచోటనే మారుతాళము చేరిన పిమ్మట గోడ యెంత యెత్తైన నేమి?

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ వారు ఉపద్రవములను 6 గంటలలో తెలుపవలెననియు, లాగులను 180 దినములు భద్రపరుపవలెననియు ఆజ్ఞాపించిరి. ఆజ్ఞను బీరువాలో దాచిన రక్షణ కలుగునా?

మేము కోరునది స్వల్పము. టెల్నెట్‌ను మూయుడు. ఎస్.ఎస్.హెచ్. ద్వారమును ఇంటర్నెట్టు బజారునకు తెరువక, నియమితమైన యంత్రములనుండి మాత్రమే రానిండు. ఒక్కొక్క ఉద్యోగికి వేరువేరు తాళపుచెవి యిండు. కొలువు విడిచినవాని చెవిని ఆనాడే రద్దుపరచుడు. తయారీదారు పంపిన మరమ్మతులను వాయిదా వేయకుడు. లాగు పుస్తకమును ఆ పెట్టెలోనే యుంచక వేరుచోట నుంచి, దినదినమును చదువుడు.

చిన్న పట్టణములందు ఇందుకు మనుష్యులేరి, దూరపు కాంట్రాక్టరు చూచుకొనడా యని కొందరందురు. మన కళాశాలలనుండి వెలువడు యువకులకు ఈ విద్య నేర్పరాదా? కాంట్రాక్టరును పెట్టుకొనుడు, కాని వాడెప్పుడు వచ్చెనో, ఏమి మార్చెనో చదువగలవాడు మనలో నొక్కడైన నుండవలెను. తాళపుచెవి పరులచేత నుండగా ఇల్లు మనదని చెప్పుకొనుట స్వాతంత్ర్యము కాదు, ఆత్మవంచన.